రెండు నిమిషాల నలభై సెకన్లు

మా భవనంలో లిఫ్టు పక్కన నోటీసు బోర్డు ఉంది. కిందటి సంవత్సరం దాని మీద, నీళ్ళ ట్యాంకు కడిగే తేదీకీ తప్పిపోయిన పిల్లి ఫోటోకీ మధ్యన, ఒక ప్రకటన వెలిసింది. "అన్ని వయసుల వారికి పియానో పాఠాలు చెప్పబడును. రెండో అంతస్తు, ఎడమ చేతి వైపు."

దీని మీద నివాసుల సంఘం అత్యవసరంగా సమావేశమైంది. మాది అభ్యుదయ భావాలు గల భవనం. సంగీతం పట్ల మాకు ఎలాంటి అభ్యంతరమూ లేదు. పియానోను పైకి చేర్చడానికి ఎనిమిది మంది కూలీలు రెండో అంతస్తు గుమ్మం తలుపులు ఊడదీసినప్పుడు కూడా మేము పల్లెత్తు మాట అనలేదు. మెట్ల మీద వరుసగా నిలబడి, ఎటు తిప్పాలో ఎనిమిది మందికీ ఎనిమిది రకాలుగా సలహా ఇచ్చాం. చిక్కల్లా "అన్ని వయసుల" అన్న మాట దగ్గరే వచ్చింది. మా అధ్యక్షులవారు తూనికలు కొలతల శాఖలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి పదవీ విరమణ చేసినవారు. ఏ మాటనైనా తూకం వేయనిదే వాడకంలోకి రానివ్వరు. ఆయన గంటన్నర చర్చ నడిపి, "అన్ని వయసులు అనగా అయిదేళ్ళు మొదలు పదిహేనేళ్ళ వరకు" అని తీర్మానం రాయించి, కింద ముద్ర వేశారు. పదహారు నిండిన వారికి సంగీతం మరీ అవసరమైతే వినవచ్చు. అందుకు అనుమతి అక్కరలేదు.

పియానో టీచరు ఆ తీర్మానాన్ని శ్రద్ధగా చదివి, నాలుగు మడతలు పెట్టి, పియానో కాలి కింద పెట్టుకుంది. మా భవనంలో నేల కాస్త ఎగుడుదిగుడు.

మొదటి విడతలో చేరిన పిల్లల్లో నాలుగో అంతస్తు కుర్రాడు ఒకడు. ఏడేళ్ళు. అప్పటికే వాడికి ఈత, చదరంగం, చేతిరాత, వేగంగా లెక్కలు చేయడం, వేగంగా చేసిన లెక్కలను సరిచూసుకోవడం అనే అయిదు తరగతులు ఉన్నాయి. బుధవారం సాయంత్రం ఒక్కటే ఖాళీగా మిగిలిపోయి తల్లిదండ్రులకు నిద్ర పట్టకుండా ఉండేది. పియానోతో ఆ బెంగ తీరింది. వాణ్ణి రెండో అంతస్తుకు దింపి, అరగంట కూర్చుని, తిరిగి తీసుకొచ్చే పని నానమ్మది. అలా ఆవిడ మా భవనానికంతటికీ నానమ్మగారే.

మూడు పాఠాలు పూర్తయ్యాక మనవడు పియానో మూత మీద బోర్లా పడుకుని, ఇక ఈ జన్మలో సంగీతం జోలికి రానని ప్రకటించాడు. ఫీజేమో పన్నెండు పాఠాలకు కట్టేశారు. ఇంకా తొమ్మిది మిగిలాయి.

మన ఇళ్ళల్లో మిగిలినవాటికి ఒక పద్ధతి ఉంది. పిల్లలు కొరికి వదిలేసిన రొట్టె, కోడలు కొత్తది కొనుక్కోగా పక్కన పడ్డ ఫోను, కొడుక్కి బిగుతైన స్వెట్టరు, డబ్బా అడుగున బిస్కెట్ల పొడి. ఇవన్నీ ఎవరికి చేరాలన్న విషయం మీద ఏ ఇంట్లోనూ చర్చ జరగదు. నీరు పల్లమెరుగు. తొమ్మిది పియానో పాఠాలూ అలాగే వెళ్ళి నానమ్మగారి దగ్గర ఆగాయి.

"వృథాగా పోనివ్వడం ఎందుకమ్మా, నువ్వు వెళ్ళి కూర్చో. ఎలాగూ ఖాళీయే కదా," అన్నాడు కొడుకు.

ఆవిడ అప్పుడు ఒక కంటితో పొయ్యి మీద పాలను కాపలా కాస్తూ, రెండో కంటితో అతని చొక్కాకి గుండీ కుడుతోంది.

అరవై ఏడేళ్ళ మనిషి విద్యార్థిగా చేరడం తీర్మానానికి విరుద్ధం. కానీ చట్టం మనుషుల కోసమే ఉందని మా అధ్యక్షులవారి నమ్మకం. హాజరు పట్టీలో మనవడి పేరే ఉంది గనుక, ఆ పేరుకు ఎదురుగా ఏడేళ్ళనే రాసి ఉంది గనుక, ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా వారి వయసు ఏడేళ్ళుగానే పరిగణించవలెనని ఆయన ఉత్తర్వు ఇచ్చారు.

టీచరుకు ముప్ఫై అయిదు దాటవు. సన్నగా ఉంటుంది, జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుంటుంది, తక్కువ మాట్లాడుతుంది. మొదటి రోజే ఒక కాగితం ముందు పెట్టి తన నియమం చెప్పింది.

"ఎంత నెమ్మదిగా వాయించినా పరవాలేదండీ. ఎన్ని తప్పులొచ్చినా పరవాలేదు. మొదలుపెట్టాక మధ్యలో ఆగకూడదు. చివరిదాకా వెళ్ళాలి. అదొక్కటే నేను అడిగేది."

"ఇది మొత్తం ఎంతసేపు ఉంటుంది టీచరుగారూ?"

"ఎనిమిది వరుసలు. రెండు నిమిషాల నలభై సెకన్లు."

నానమ్మగారు ఆ కాగితాన్ని పైనుంచి కిందికి చూసి, మనసులో ఏదో లెక్క వేసుకుంది. "ఇంతకన్నా చిన్నది లేదాండీ?" అంది.

లేదు. ఉన్నవాటిలో అదే చిన్నది.

మనవడి కోసం కొన్న కీబోర్డు హాల్లో టీవీకీ చెప్పుల స్టాండుకీ మధ్య ఉండేది. ఆవిడ అభ్యాసం అక్కడే. మొదటి రెండు వరుసలు ఇబ్బంది లేకుండా సాగేవి. మూడో వరుస చివరికి వచ్చేసరికి లోపలి గదిలోంచి గొంతు వినబడేది.

"అమ్మా, నా నల్ల సాక్సులెక్కడ?"

"రెండో అరలో, తువ్వాళ్ళ కింద."

మళ్ళీ మొదటి నుంచి. ఈసారి అయిదో వరుస దాకా.

"అత్తయ్యా, నా చార్జరు చూశారా?"

"నీ మంచం పక్కన, గోడకే ఉందమ్మా."

మళ్ళీ మొదటి నుంచి. ఏడో వరుసలో సగం.

"నానమ్మా, నా రబ్బరేది?"

"నీ పిడికిట్లోనే ఉంది కదరా."

ఈలోగా పొయ్యి మీద ఏదో ఒకటి మాడే వేళయ్యేది. ఎనిమిదో వరుస ఎలా ఉంటుందో ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. ఆవిడా వినలేదు.

కుటుంబం సహకరించలేదని ఎవరైనా అంటే కళ్ళు పోతాయి. అంతగా సహకరించిన కుటుంబాన్ని మా భవనం చూడలేదు. కొడుకు తల్లి వేళ్ళను మాత్రం ఫోటో తీసి, "మా అమ్మ పియానో నేర్చుకుంటోంది, గర్వంగా ఉంది" అని ఫోనులో అందరికీ కనబడేలా స్టేటస్ పెట్టుకున్నాడు. ఆఫీసులో అతని పై అధికారి కూడా దానికి ఒక చప్పట్ల బొమ్మ పంపాడు. ఆ ఉత్సాహంలో అతను ఆదివారం పొద్దుటి నుంచీ కూర్చుని స్వయంగా ఒక కాగితం తయారుచేశాడు. "మధ్యాహ్నం మూడు నుంచి మూడున్నర వరకు అమ్మ అభ్యాస సమయం. ఎవరూ కదిలించరాదు." దాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించాలని నిశ్చయించాడు. అతికించే టేపు ఎక్కడుందో మాత్రం ఆవిడనే అడగవలసి వచ్చింది. అప్పుడు సమయం మూడు గంటల పది నిమిషాలు.

అయిదో పాఠం రోజున ఒక విశేషం జరిగింది. టీచరు ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది. ఆమె ఒక్కతే ఉంటుంది. ఆమె వస్తువులు ఆమె పెట్టినచోటే ఉంటాయి. అలాంటి ఇంట్లో నానమ్మగారు మూడో వరుస చివరిదాకా చక్కగా వాయించి, టక్కున ఆగి, రెండు చేతులూ పియానో మెట్ల మీంచి ఎత్తి, "రెండో అరలో, తువ్వాళ్ళ కింద," అంది.

గదిలో ఎవరూ ఏమీ అడగలేదు.

"మళ్ళీ మొదలుపెట్టండి," అంది టీచరు.

మళ్ళీ అదే చోట చేతులు లేచాయి. అక్కడ దాటించి అయిదో వరుస నుంచి మొదలుపెట్టిస్తే, దాని చివర "గోడకే ఉందమ్మా" అంది. ఏడో వరుసలో పైకి అనలేదు గానీ పెదవులు కదిలాయి.

టీచరు జుట్టులోంచి పెన్సిలు తీసింది. "ఇక్కడెందుకు ఆగుతున్నారు?"

"అక్కడ మావాడు సాక్సులు అడుగుతాడండీ."

టీచరు మూడో వరుస చివర "సాక్సులు" అని రాసింది. అయిదో వరుస చివర "చార్జరు" అనీ, ఏడో వరుస మధ్యలో "రబ్బరు" అనీ రాసింది.

"మీరు అభ్యాసం బాగా చేస్తున్నారండీ," అంది చివరికి. "పాఠంతో పాటు ఆగడం కూడా కంఠతా వచ్చేసింది."

"ఆగడం ఇప్పుడు నేర్చుకున్నది కాదు టీచరుగారూ. అది నాకు కాపరానికి వచ్చినప్పట్నుంచీ వచ్చు."

మిగతా నాలుగు పాఠాలూ ఆ మూడు మాటలను దాటడంతోనే గడిచాయి. ఒకటి దాటితే ఇంకొకటి పట్టుకునేది. తొమ్మిదోది అయిపోయాక నానమ్మగారు కాగితం మడుస్తూ, మడవలేక, "ఆ చివరి వరుస ఎలా ఉంటుందో ఒక్కసారి నా చేత్తో వినాలనుందండీ," అంది.

"వచ్చే నెల పిల్లల ప్రదర్శన ఉంది. మీరూ వాయించండి," అంది టీచరు. "అక్కడైతే ఎవరూ ఏమీ అడగరు. వేదిక మీదున్న మనిషిని సాక్సులెక్కడని ఎవరడుగుతారు?"

చెప్పాను కదా, ఆమె ఒక్కతే ఉంటుంది.

ప్రదర్శన మా నేలమాళిగ హాల్లో జరిగింది. పియానోను కిందికి దింపడానికి మళ్ళీ ఎనిమిది మంది, మళ్ళీ సలహాలు. విద్యార్థులు పది మంది పిల్లలు, ఒక నానమ్మగారు. ఏర్పాట్లు ఎవరు చూడాలన్న సమస్య వచ్చినప్పుడు, అందరిలో ఖాళీగా ఉన్నది ఆవిడే గనుక ఆవిడకే అప్పగించాం. కుర్చీలు లెక్కపెట్టించడం, నీళ్ళ సీసాలు, జ్ఞాపికల పెట్టె, మైకుకు బల్ల, పిల్లలకు పిన్నీసులు అన్నీ ఆవిడే చూసుకుంది. సాయంత్రం ఆరు అయ్యేసరికి, పియానో ఎక్కడుందన్నది ఒక్కటే ఆవిడను ఎవరూ అడగని ప్రశ్న.

అధ్యక్షులవారు సభను ప్రారంభించారు.

"సోదర సోదరీమణులారా, విద్యకు వయసుతో పని లేదు. ఈ మాట నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాను. ఒక్కసారి మన నాలుగో అంతస్తు అమ్మగారిని చూడండి. అరవై ఏడేళ్ళు. రికార్డు ప్రకారం ఏడు. ఈ వయసులో పియానో నేర్చారు. దాని వల్ల ఇంటి పనిలో రవ్వంత లోటు వచ్చిందా? రాలేదు. నేను స్వయంగా విచారించాను. ఒక్క పూటైనా వంట ఆలస్యమైందా? కాలేదు. మనవడి యూనిఫారం ఒక్క రోజైనా ఇస్త్రీ లేకుండా వెళ్ళిందా? వెళ్ళలేదు. ఎవరికీ ఏ ఇబ్బందీ కలిగించని సంగీతమే ఉత్తమ సంగీతమని నా అభిప్రాయం. అసలు సంగీతమంటే ఏమిటి? సమయపాలన. సమయపాలన అంటే ఏమిటి?"

దానికి ఆయన నలభై నిమిషాల పాటు సమాధానం చెప్పారు.

పదిమంది పిల్లలూ వరుసగా వచ్చి, వాయించి, తల్లుల ఫోనుల వైపు నవ్వి వెళ్ళారు. చివర నానమ్మగారు. కుర్చీ పిల్లలకు సరిపడా ఎత్తు పెంచి ఉంది. దాన్ని కాస్త దించుకుని, చేతులు పైటకు తుడుచుకుని, కాగితం తెరిచి పెట్టుకుంది. టీచరు పక్కన నిలబడింది.

మొదటి రెండు వరుసలు మామూలే. మూడో వరుస చివరికి వస్తుండగా, ముందు వరుసలో వీడియో తీస్తున్న కొడుకు ఫోను చార్జింగు అయిపోవచ్చింది. తల్లి వాయించేది ఎక్కడ ఆగిపోతుందోనని అతనికి కంగారు, అంటే వీడియోలో.

"అమ్మా," అన్నాడు గుసగుసగా. "పవర్ బ్యాంకు ఏ సంచిలో పెట్టావ్?"

ఆవిడ చేతులు మెట్ల మీంచి ఒక అర అంగుళం లేచాయి. టీచరు కాగితం మీద "సాక్సులు" అన్న మాట మీద వేలు పెట్టి ఉంచింది. చేతులు మళ్ళీ దిగాయి. నాలుగో వరుస మొదలైంది.

కొడుకు కొంచెం గట్టిగా అడిగాడు. జవాబు లేదు. పక్కనే ఉన్న కోడలికి అప్పుడే ఎవరో పార్సిలు తెచ్చి తలుపు దగ్గర నిలబడ్డానని ఫోను చేశారు. "అత్తయ్యా, ఇంటి తాళంచెవి మీ దగ్గరేనా?" అంది. అయిదో వరుస అయిపోయింది, ఆరో వరుస వచ్చింది. జవాబు లేదు.

హాల్లో కలవరం మొదలైంది. ఆవిడను ఏదైనా అడగడం, ఆవిడ చెప్పకపోవడం అన్నది మా భవనం కట్టిన తర్వాత ఇదే ప్రథమం. ఏడో వరుసలో మనవడు కుర్చీ ఎక్కి, "నానమ్మా, నా నీళ్ళ బాటిలేది?" అని అరిచాడు. నిద్రపోతున్నా వాడి మాటకు పలికే మనిషి. పలకలేదు. అధ్యక్షులవారు పరిస్థితి విషమిస్తోందని గ్రహించి, ఆవిడ స్పృహలో ఉన్నదీ లేనిదీ తేల్చడానికి మైకు అందుకున్నారు.

"అమ్మా, ఒక్క క్షణం. జ్ఞాపికల పెట్టె ఎక్కడ పెట్టించారు?"

అప్పటికి ఎనిమిదో వరుస నడుస్తోంది. అది ఎలా ఉందని అడిగితే మేము చెప్పలేం. ఆ సమయంలో మేమందరం ఆవిడ చెవుల వైపు చూస్తున్నాం.

ఆవిడ ఆఖరి మెట్టు నొక్కి, ఆ చప్పుడు పూర్తిగా అణిగేదాకా వేలు తీయలేదు. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని ఇటు తిరిగింది.

"పవర్ బ్యాంకు నీ ప్యాంటు జేబులోనే ఉందిరా. తాళంచెవి నీ వేలికి ఉంది చూడమ్మా. నీ బాటిలు నువ్వెక్కిన కుర్చీ కింద. పెట్టె మీ మైకు బల్ల మీదే ఉందండీ, మీ ఉపన్యాసం కాగితాలు దాని మీదే పెట్టుకున్నారు."

అన్నీ చెప్పిన చోటే ఉన్నాయి. ఆ వెతుకులాటలో చప్పట్లు కొట్టడం ఎవరికీ గుర్తు రాలేదు. టీచరు మాత్రం ఒక రబ్బరు తీసుకుని, కాగితం మీద తాను రాసిన మూడు మాటలనూ నెమ్మదిగా తుడిపేసింది.

మర్నాడు ఉదయమే ఆవిడను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. కుటుంబం ఎంత ప్రేమగలదో ఇంతకుముందే చెప్పాను.

"జబ్బు కొత్త రకంగా ఉంది డాక్టరుగారూ," అని కొడుకు వివరించాడు. "వినబడదని కాదు. వినబడుతుంది. కానీ మాట చెవిలో పడ్డాక లోపలికి చేరడానికి రెండు నిమిషాలు పడుతోంది. చేరాక మాత్రం వరుస తప్పకుండా జవాబు చెబుతోంది."

డాక్టరు ఆవిడను ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు తొడుగులు పెట్టి, చేతికి ఒక బొత్తాం ఇచ్చి, శబ్దం వినబడినప్పుడల్లా నొక్కమన్నాడు. బయటి అలికిడి రాకుండా మెత్తలు వేసిన గోడలు. తలుపు మూయగానే ఆవిడ ముఖం విప్పారడం డాక్టరు అద్దంలోంచి చూసి, వ్యాధి లక్షణంగా నమోదు చేసుకున్నాడు. పరీక్ష సగంలో ఉండగా కొడుకు తలుపు తీసి, "అమ్మా, పాత రిపోర్టుల ఫైలు తెచ్చావా? ఎక్కడ పెట్టావ్?" అని అడిగాడు.

ఆవిడ బొత్తాం నొక్కింది.

పరీక్ష పూర్తయ్యాక బయటికి రాకుండా, "డాక్టరుగారూ, ఈ గదిలో పియానో పడుతుందాండీ?" అని అడిగింది. డాక్టరు అది కూడా రాసుకున్నాడు.

చెవుల్లో ఏ లోపమూ లేదని ఫలితం వచ్చింది. ముప్ఫై ఏళ్ళ మనిషికి కూడా అంత చక్కని వినికిడి ఉండదట. "మరి ఎందుకు పలకలేదు?" అన్నాడు కొడుకు. డాక్టరు చాలాసేపు ఆలోచించి, నరాల డాక్టరుకు చీటీ రాసిచ్చాడు. నరాల డాక్టరు కళ్ళ డాక్టరుకు రాసిచ్చాడు. ఆ ప్రశ్న ఆవిడనే అడిగి చూడవచ్చని ఇప్పటివరకు ఎవరికీ తోచలేదు. వస్తువులు ఎక్కడున్నాయని అడగడం వేరు, ఇది వేరు.

మా సంఘం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. నెల తిరిగేసరికి ఈ జబ్బు మొదటి అంతస్తులో ఒకరికి, అయిదో అంతస్తులో ఇద్దరికి సోకింది. ముగ్గురూ ఇల్లాళ్ళే, ముగ్గురూ పియానో పాఠాల్లో కొత్తగా చేరినవారే. అధ్యక్షులవారు వెంటనే మరో తీర్మానం చేశారు. "పదిహేనేళ్ళు దాటిన స్త్రీలు పియానో ముందు కూర్చోదలచినచో, గృహమందలి సమస్త వస్తువులు ఎచ్చటెచ్చట ఉన్నవో జాబితా రాసి, ముందుగా కుటుంబమునకు అందజేయవలెను." టీచరు ఆ కాగితాన్ని పియానో రెండో కాలి కింద పెట్టింది. ఇప్పుడు పియానో నిటారుగా ఉంది.

నానమ్మగారు మాత్రం నియమం ప్రకారం నాలుగు పేజీల జాబితా రాసిచ్చింది. సాక్సులతో మొదలై సూదులతో ముగుస్తుంది. చిరిగిపోకుండా దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి, కొడుకూ కోడలూ కలిసి భద్రంగా ఒకచోట దాచారు. ఎక్కడ దాచారో ప్రస్తుతానికి తెలియడం లేదు. ఆవిడను అడుగుదామంటే రెండో అంతస్తులో కొత్త పాఠం వాయిస్తోంది. ఇది నాలుగు నిమిషాల పది సెకన్లు. కొడుకు, కోడలు, మనవడు ముగ్గురూ గుమ్మం బయట, ఎప్పుడు అయిపోతుందా అని నిలబడి ఉన్నారు. ఆ రకంగా ఆ కుటుంబం మొదటిసారి ఒక పాఠాన్ని మొదటి నుంచి చివరిదాకా వింటోంది.

చెవులు బాగుండి కూడా ఒక మనిషి ఎందుకు పలకదో కారణం తెలిసినవారు మా సంఘం కార్యాలయానికి ఒక ఉత్తరం రాసి పుణ్యం కట్టుకోండి. రాయడానికి పెన్ను కనబడకపోతే కూర్చున్నచోటి నుంచే ఒక కేక వేయండి. ఎవరిని పిలవాలో నేను చెప్పనక్కరలేదు.